మిసిసిపీ దారుల్లో: ఓటు అడిగినవారు, పాట కట్టినవారు

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్లు సెలవులు వస్తే నయాగరాకో ఓర్లాండోకో ప్రయాణం కడతారు. మిసిసిపీ పేరెత్తేవారు అరుదు. పేదరికం గురించి మాట వస్తే తప్ప ఆ రాష్ట్రం ఎవరికీ గుర్తుకు రాదు. కానీ గత శతాబ్దపు అమెరికా సాహిత్యాన్నీ, సంగీతాన్నీ, పౌరహక్కుల పోరాటాన్నీ ఒక్కచోట చూడాలంటే అంతకు మించిన నేల లేదని నా గట్టి నమ్మకం. రచయితలు విలియం ఫాక్నర్, రిచర్డ్ రైట్, యుడోరా వెల్టీ, గాయకులు మడ్డీ వాటర్స్, బి.బి. కింగ్, ఎల్విస్ ప్రెస్లీ అక్కడే పుట్టారు. పౌరహక్కుల కోసం పోరాడిన మెడ్గర్ ఎవర్స్, ఫ్యానీ లూ హేమర్, జేమ్స్ మెరిడిత్ కూడా అక్కడివారే. వీళ్లలో రాజకీయాలవాళ్లను ఒకవైపు, కళాకారులను ఒకవైపు నిలబెట్టి చూడటం కుదరదు. నోరు విప్పి ఓటు అడగడానికి వీల్లేని చోట జనం పాట ద్వారా, కథ ద్వారా మాట్లాడారు. ఓటు అడిగినవాళ్లు ఆ పాటనే వెంట తీసుకువెళ్లారు.

గుంటూరు నుంచి వచ్చిన మా బాబాయి అట్లాంటాలో మా ఇంట్లో ఉండగా, అక్టోబరులో ఈ యాత్ర పెట్టుకున్నాం. ఆయన ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఇంటి పొలంలో పత్తి పండించిన మనిషి కూడా. ఈ దారికి అంతకన్నా తగిన తోడు నాకు దొరకరు.

మొదటి రోజు, బుధవారం: అట్లాంటా నుంచి జాక్సన్

ఇరవయ్యో నంబరు రహదారి అలబామా మీదుగా నేరుగా జాక్సన్‌కు చేరుస్తుంది. మెరిడియన్ దాటి న్యూటన్ దగ్గరికి వచ్చేసరికి డికేటర్‌కు వెళ్లే మలుపు వచ్చింది. మెడ్గర్ ఎవర్స్ 1925 జులై 2న పుట్టింది ఆ ఊళ్లోనే. రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ దాకా వెళ్లి తిరిగొచ్చిన ఆ యువకుడు, సరిగ్గా 21 ఏళ్లు నిండిన రోజున అన్న చార్ల్స్‌తో, మరికొందరు మిత్రులతో కలిసి ఓటు వేయడానికి వెళ్లాడు. తుపాకులు పట్టుకున్న తెల్లవాళ్లు అడ్డంగా నిలబడి వాళ్లను వెనక్కి పంపేశారు. దేశం కోసం యుద్ధం చేసి వచ్చిన సైనికుణ్ణి సొంత ఊరు ఓటు వేయనివ్వలేదు.

జాక్సన్ చేరాక ముందుగా పాత శాసనసభ భవనానికి వెళ్లాం. ఇప్పుడది మ్యూజియం. 1861లో దేశం నుంచి విడిపోతున్నట్లు తీర్మానం చేసింది అక్కడే. అంతర్యుద్ధం ముగిశాక, 1870లో హైరమ్ రెవెల్స్‌ను సెనేట్‌కు ఎన్నుకున్నదీ అక్కడే. అమెరికా సెనేట్‌లో కూర్చున్న మొదటి నల్లజాతీయుడు ఆయన. తర్వాత 1875లో బ్లాంచ్ కె. బ్రూస్ వెళ్లి ఆరేళ్ల పూర్తికాలం పనిచేశారు. బ్రూస్ తర్వాత మరో నల్లజాతి సెనేటరు రావడానికి 1967 దాకా పట్టింది, అదీ మసాచుసెట్స్ నుంచి. మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే అదే భవనంలో 1890లో రాసుకున్న రాష్ట్ర రాజ్యాంగం చూడాలి. రెండు డాలర్ల ఓటు పన్ను పెట్టారు. రాజ్యాంగంలో ఏదో ఒక సెక్షన్ చదవాలి, లేదా చదివి వినిపిస్తే సరైన అర్థం చెప్పాలి. అర్థం సరైనదో కాదో తేల్చేది అక్కడి గుమాస్తా. జాతి అనే మాట ఎక్కడా రాయకుండానే నల్లవారి ఓటును తుడిచిపెట్టేశారు. బాబాయి ఆ అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడి, "పరీక్ష పెట్టేవాడే ఫెయిల్ చేయాలని కూర్చుంటే ఏ పిల్లవాడు పాసవుతాడు నాయనా" అన్నారు.

కొత్త కేపిటల్ దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. రెండుసార్లు గవర్నరుగా, ఆపైన సెనేటరుగా పనిచేసి, బాహాటంగా జాతివిద్వేషం నూరిపోసిన థియొడోర్ బిల్బో కంచు విగ్రహం దశాబ్దాల పాటు అక్కడ ఉండేది. నల్లజాతి శాసనసభ్యులు సమావేశమయ్యే గదిలోనే అది ఉండేదంటే కడుపు రగిలిపోతుంది. 2021లో సభాధికారి ఒకరు దాన్ని తన చొరవతో చడీచప్పుడు లేకుండా తీయించేశారు.

రెండో రోజు, గురువారం: జాక్సన్‌లో రెండు ఇళ్లు

మెడ్గర్ ఎవర్స్ ఇల్లు ఇప్పుడు జాతీయ స్మారకం. చూడాలంటే ముందుగా సమయం తీసుకోవాలి. బయటి నుంచి చూస్తే ఆ కాలపు మామూలు మధ్యతరగతి ఇల్లే. కాసేపు చూశాక ఒక తేడా కనబడుతుంది: వీధివైపు తలుపు లేదు. కారు నిలిపే పక్క వసారా లోంచే లోపలికి వెళ్లాలి. వీధిలో పోయేవాళ్లకు గుమ్మంలో నిలబడ్డ మనిషి కనబడకూడదని ఎవర్స్ దంపతులు కావాలనే అలా ఎంచుకున్నారు. లోపల పిల్లల గదిలో పరుపులు నేలమీద ఉన్నాయి. తూటా కిటికీలోంచి వస్తే మంచం ఎత్తుకు తగలకూడదని. చప్పుడు వినగానే నేలకు కరుచుకుని స్నానాలగదిలోకి పాకాలని ఆ తల్లిదండ్రులు పిల్లలకు నేర్పారు. పెద్దకొడుకుకు కెన్యా నాయకుడి పేరు కలిపి డారెల్ కెన్యాటా అని పేరు పెట్టుకున్న తండ్రి ఆయన.

1954లో న్యాయకళాశాల తనకు సీటు నిరాకరించిన తర్వాత, ఎవర్స్ మిసిసిపీలో నల్లజాతీయుల హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ సంస్థకు మొదటి క్షేత్ర కార్యదర్శి అయ్యారు. 1955లో తెల్లవాళ్లు చంపిన ఎమెట్ టిల్ అనే నల్లజాతి బాలుడి హత్యకేసులో సాక్షుల కోసం పత్తికూలీ బట్టలు వేసుకుని చేలల్లో తిరిగారు. 1963 జూన్ 11 రాత్రి అధ్యక్షుడు కెన్నెడీ పౌరహక్కుల మీద దేశాన్ని ఉద్దేశించి మాట్లాడారు. తండ్రితో ఆ ప్రసంగం గురించి మాట్లాడాలని పిల్లలు మేలుకుని ఉన్నారు. అర్ధరాత్రి దాటాక ఆయన కారు దిగి, ఉద్యమం కోసం అచ్చువేయించిన బనియన్లు చేతిలో పట్టుకుని నడుస్తుండగా, ఎదురుగా పొదల చాటు నుంచి వెనక వీపులో కాల్చారు. ఆ తూటా ఆయన శరీరంలోంచి దూసుకుపోయి, కిటికీ, గోడ దాటి వంటింట్లో ఫ్రిజ్‌ను తాకింది. గోడలో ఆ చిల్లు ఉన్నచోట వేలు పెట్టబోయి బాబాయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఎవర్స్ వయసు అప్పటికి 37.

హంతకుడు బైరన్ డి లా బెక్‌విత్‌ను 1964లో రెండుసార్లు విచారించారు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే, రెండుసార్లూ ఏకాభిప్రాయం కుదరలేదు. అతనికి శిక్షపడింది 1994లో. ముప్ఫై ఏళ్లు ఆ కేసును వదలకుండా పట్టుకున్నది భార్య మిర్లీ ఎవర్స్. అనంతరం ఆమె అదే ఎన్‌ఏఏసీపీకి అధ్యక్షత వహించారు.

ఆ వీధికి ఇప్పుడున్న పేరు మార్గరెట్ వాకర్ అలెగ్జాండర్ అనే కవయిత్రిది. 1942లోనే కవిత్వంతో పేరు తెచ్చుకున్న వాకర్, జాక్సన్ స్టేట్‌లో పాఠాలు చెబుతూ ఎవర్స్ ఇంటికి కూతవేటు దూరంలో కాపురం ఉన్నారు. 1970లో వచ్చిన సంపుటిలో ఆయన స్మృతికి ఒక కవితను అంకితం చేశారు. హత్య జరిగిన వీధికి పొరుగింటి కవయిత్రి పేరు పెట్టుకున్న ఊరు మరొకటి నేను చూడలేదు.

అక్కడినుంచి కారులో పావుగంట ప్రయాణం, కానీ ప్రపంచమే మారిపోతుంది. బెల్‌హేవెన్ అనే పాత తెల్లవాళ్ల పేట, పెద్ద ఓక్ చెట్లు, పైన్‌హర్స్ట్ వీధిలో యుడోరా వెల్టీ ఇల్లు. 1925లో కుటుంబం అక్కడికి వచ్చినప్పటి నుంచి 2001లో కన్నుమూసేదాకా ఆమె నివాసం అదే. సోఫా మీద, బల్లల మీద, మెట్ల పక్కన ఎక్కడ చూసినా పుస్తకాలే. మేడమీద పడకగదిలో కిటికీ పక్కన టైపు మిషను బల్ల ఉంది. టైపు చేసిన కాగితాలను ముక్కలుగా కత్తిరించి, వాక్యాలను అటూ ఇటూ మార్చి, గుండుసూదులతో కలిపి కుట్టేవారట. ఆ సూదులు గుచ్చిన కాగితాల నమూనా చూపించారు. దర్జీ పనిలాంటి ఆ ఓర్పు చూసి నాకు ఆమె మీద గౌరవం రెట్టింపైంది.

ఎవర్స్ హత్య వార్త విన్న రాత్రే ఆమె కూర్చుని ఒక కథ రాశారు. హతుడి వైపు నుంచి రాయలేదు. చంపినవాడి నోటితో, ఉత్తమ పురుషలో రాశారు. నెల తిరక్కుండానే అది న్యూయార్కర్ పత్రికలో, 1963 జులై 6 సంచికలో వచ్చింది. రాసేనాటికి హంతకుడెవరో ఎవరికీ తెలియదు. తీరా బెక్‌విత్ దొరికాక చూస్తే కథలోని వివరాలు నిజానికి ఎంత దగ్గరగా ఉన్నాయంటే, అచ్చువేసే ముందు కొన్నింటిని మార్చాల్సి వచ్చింది.

తోటలో బెంచీ మీద కూర్చుని బాబాయి అడిగారు: "చచ్చిపోయినవాడికి గొంతు ఇవ్వక, చంపినవాడికి ఇచ్చిందేమిటి?" నేను చెప్పిన జవాబు ఇది. ఆ మాటలు ఆమె పుట్టినప్పటి నుంచి కిరాణా కొట్లో, చర్చి మెట్ల మీద, విందు బల్లల దగ్గర విన్న మాటలు. ఎవర్స్ వేదనను వాకర్ రాయగలదు. ఈ ద్వేషం ఏ ఇంట్లో ఎలా పెరుగుతుందో చెప్పాల్సిన బాధ్యత ఆ పేటలో పెరిగిన మనిషిది. తనవాళ్ల గురించి తాను సాక్ష్యం చెప్పడం కన్నా కష్టమైన పని రచయితకు లేదు. బాబాయి పూర్తిగా ఒప్పుకోలేదు, నేనూ నా మాట మార్చుకోలేదు.

మధ్యాహ్నం స్మిత్ రాబర్ట్‌సన్ మ్యూజియానికి వెళ్లాం. నగరంలో నల్లజాతి పిల్లల కోసం పెట్టిన మొదటి ప్రభుత్వ పాఠశాల అది. 1925లో తొమ్మిదో తరగతిలో మొదటి స్థానంలో నిలిచిన రిచర్డ్ రైట్‌కు ప్రధానోపాధ్యాయుడు తానే రాసిన ప్రసంగం ఇచ్చి చదవమన్నాడు. ఆ కుర్రవాడు ఒప్పుకోక తాను రాసుకున్నదే చదివాడు. రైట్ పుట్టింది 1908లో, వెల్టీ 1909లో. ఇద్దరూ ఈ ఊళ్లోనే చదువుకున్నారు. వెల్టీ చిన్నప్పటి నుంచి తనివితీరా పుస్తకాలు తెచ్చుకున్న ఊరి గ్రంథాలయంలోకి రైట్‌కు ప్రవేశం లేదు. తర్వాత మెంఫిస్‌లో ఒక తెల్ల ఉద్యోగి కార్డు అరువు తీసుకుని, ఆ పెద్దమనిషి పంపినట్లు చీటీ రాసుకుని పుస్తకాలు తెచ్చుకున్నాడాయన. 1961 మార్చిలో టూగలూ కళాశాల విద్యార్థులు తొమ్మిదిమంది జాక్సన్ గ్రంథాలయంలో కూర్చుని పుస్తకాలు చదివినందుకు అరెస్టయ్యారు. చదవడమే నేరం!

టూగలూ పేరు వినగానే బాబాయి కళ్లు మెరిశాయి. డాక్టర్ రామ్‌మనోహర్ లోహియా 1964 మే నెలలో ఆ కళాశాలకు వచ్చి, జాక్సన్‌లో తెల్లవాళ్లకే పరిమితమైన ఒక కెఫెటీరియాలోకి వెళ్లబోయారు. రానివ్వలేదు. మర్నాడు మళ్లీ వెళ్లారు, పోలీసులు అరెస్టు చేశారు. అమెరికా ప్రభుత్వం విచారం వెలిబుచ్చింది. లోహియా ఆలోచనలకు వేదికైన మ్యాన్‌కైండ్ పత్రిక హైదరాబాదు నుంచి వెలువడిందన్న సంగతి మా తరానికి తెలియదు. బాబాయి చదువుకునే రోజుల్లో ఆయన ఉపన్యాసాల ప్రతులు చేతులు మారుతూ తిరిగేవట. "ఆయన వచ్చింది ఈ ఊరికా!" అని బాబాయి ఆ సాయంత్రమంతా దాన్నే తలుచుకున్నారు.

పౌరహక్కుల మ్యూజియం గురించి ఒక్క మాటే చెబుతాను. ఎవర్స్‌ను చంపిన తుపాకీ అక్కడ అద్దం వెనక ఉంది. దాని ముందు నిలబడటం కష్టం, అయినా నిలబడాలి.

మూడో రోజు, శుక్రవారం: డెల్టా

యాజూ సిటీ దగ్గర కొండదారి ఒక్కసారిగా దిగిపోయి, కనుచూపు మేర బల్లపరుపు నేల మొదలవుతుంది. అదే మిసిసిపీ డెల్టా. నదులు వేల ఏళ్లుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టి. పత్తి కాపుకొచ్చి చేలన్నీ తెల్లగా ఉన్నాయి. ఇల్లంత యంత్రం ఒక్క మనిషితో కదులుతూ, తీసిన పత్తిని గుండ్రటి మోపులుగా చుట్టి పసుపుపచ్చ ప్లాస్టిక్కు తొడిగి వెనక్కి దొర్లిస్తోంది. బాబాయి కారు ఆపించి, గట్టు మీదకు దిగి, రోడ్డు పక్కన రాలిన గూడ ఒకటి తీసుకుని పింజ లాగి చూశారు. "మనుషులు ఒక్కరూ లేరేమిటి?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఆ రోజంతా ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే తిరిగాం.

ఇండియనోలాలో బి.బి. కింగ్ మ్యూజియం ఆయన కుర్రతనంలో పనిచేసిన ఇటుకల జిన్నింగు మిల్లును కలుపుకుని కట్టారు. 1925లో పుట్టిన రైలీ బి. కింగ్ పత్తి తీశాడు, ట్రాక్టరు తోలాడు, శనివారాలు ఊరి వీధి మూలన నిలబడి గిటారు వాయించాడు. భక్తిగీతం పాడితే జనం తల నిమిరి మెచ్చుకునేవారు, నల్లజాతి కూలీలు కష్టసుఖాలు చెప్పుకునే బ్లూస్ పాడితే చేతిలో డబ్బులు పెట్టేవారని ఆయనే చెప్పుకున్నాడు. ప్రపంచమంతా తిరిగినా ఏటా ఊరికి వచ్చి ఊరివాళ్ల కోసం కచేరీ చేశాడు. మెడ్గర్ ఎవర్స్ స్మృతిలో జరిగే వార్షిక సభల్లోనూ దశాబ్దాలపాటు వాయించాడు. 2015లో చనిపోయాక ఆయన కోరినట్లే ఇక్కడికే తెచ్చి సమాధి చేశారు.

అదే ఊళ్లో కౌంటీ కోర్టు ఉంది. 1962 ఆగస్టు 31న ఫ్యానీ లూ హేమర్ మరో 17 మందితో పాత బస్సులో వచ్చి ఓటు నమోదుకు నిలబడ్డది ఆ కోర్టులోనే. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు. నల్లవారికి ఓటు హక్కు ఉందన్న సంగతే ఆ నెలలో చర్చిలో జరిగిన సభలో తెలిసింది.

ఇండియనోలా నుంచి రూల్‌విల్‌కు వెళ్లే దారిలో డాడ్స్‌విల్ వస్తుంది. సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌లాండ్ కుటుంబానికి వేల ఎకరాల పత్తితోట ఉన్న ఊరు. 1956 నుంచి 1978 దాకా సెనేట్ న్యాయవ్యవహారాల కమిటీకి ఆయనే అధ్యక్షుడు. పౌరహక్కుల బిల్లులు ఆ కమిటీలోకి వెళ్లి బయటికి వచ్చేవి కావు. ఒకే సన్‌ఫ్లవర్ కౌంటీలో ఈయనా, హేమరూ ఉన్నారు.

ఇరవైమంది సంతానంలో హేమర్ ఆఖరిది. పాలుకు చేసుకునే కుటుంబం. ఆరో ఏట పత్తి తీయడం మొదలుపెట్టింది. ఒక ఏడాది పంట కలిసొచ్చి తండ్రి మూడు కంచరగాడిదలు, రెండు ఆవులు కొనుక్కుంటే, కన్నుకుట్టిన ఒక తెల్లవాడు రాత్రివేళ దాణాలో పురుగుమందు కలిపి వాటిని చంపేశాడు. ఆ కుటుంబం మళ్లీ లేవలేదు. ఈ సంగతి చెప్పేసరికి బాబాయి కాసేపు మాట్లాడలేదు. పశువుకు విషం పెట్టినవాడి సంగతి ఏ రైతుకూ వివరించి చెప్పక్కర్లేదు.

ఓటు నమోదు పరీక్షలో ఆమెను రాజ్యాంగంలో ఒక సెక్షన్‌కు అర్థం చెప్పమన్నారు, తప్పించారు. తిరిగి వస్తుంటే బస్సు రంగు మరీ పసుపుగా ఉందని పోలీసులు ఆపి డ్రైవరుకు జరిమానా వేశారు. లోపలున్నవాళ్లు వణికిపోతుంటే ఆమె గొంతెత్తి ఒక భక్తిగీతం అందుకుంది. నాలోని ఈ చిన్ని దీపాన్ని వెలగనిస్తాననే పాట. ఆ సాయంత్రమే తోట యజమాని, పేరు వెనక్కి తీసుకో, లేకపోతే ఇల్లు ఖాళీ చెయ్యి అన్నాడు. ఆమె ఇచ్చిన జవాబు చరిత్రలో నిలిచింది: నేను మీ కోసం నమోదు చేసుకోవడానికి వెళ్లలేదు, నా కోసం వెళ్లాను. పద్దెనిమిదేళ్లు పనిచేసిన తోట నుంచి ఆ రాత్రే బయటికి వచ్చేసింది. 1963 జూన్‌లో వినోనా జైల్లో ఆమెను పోలీసులు ఇతర ఖైదీల చేత కొట్టించారు. మూత్రపిండాలు, కన్ను చివరిదాకా కోలుకోలేదు. ఆమె విడుదలైన రోజుల్లోనే ఎవర్స్ హత్య జరిగింది.

1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో, పార్టీ మహాసభలో మిసిసిపీ తెల్లవాళ్ల బృందానికి బదులు తమ బృందాన్ని కూర్చోబెట్టాలని కోరుతూ డెమోక్రటిక్ పార్టీ కమిటీ ముందు ఆమె ఇచ్చిన సాక్ష్యం నేను ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. కాగితం లేదు. ముందుగా తన పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, కౌంటీ చెప్పి, ఇది సెనేటర్ ఈస్ట్‌లాండ్ సొంత కౌంటీ అని కలుపుతుంది. ఆ ఒక్క వాక్యంతో ఆ సెనేటరునూ తనను తాను కూడా ఒకే చిరునామా మీద నిలబెట్టింది. తర్వాత బస్సు, ఇల్లు, జైలు వరసగా, దెబ్బ దెబ్బ లెక్కపెట్టినట్లు చెబుతుంది. ప్రసారం ఆపడానికి అధ్యక్షుడు జాన్సన్ హడావుడిగా విలేకరుల సమావేశం పెట్టాడు. టీవీవాళ్లు రాత్రి వార్తల్లో ఆమె మాటలే వేశారు. పార్టీవాళ్లు మహాసభలో రెండు సీట్లు ఇస్తాం సర్దుకోండి అన్నారు, ఆమె ఒప్పుకోలేదు. బడి చదువు ఆరేళ్లకు మించని ఆ మనిషిని ఈ రాష్ట్రపు మహా వాక్చిత్రకారిణిగా నేను ఫాక్నర్ పక్కన కూర్చోబెడతాను. మొహమాటం లేకుండా ఈ మాట అంటున్నాను.

రూల్‌విల్ స్మారక వనంలో భర్త పెర్రీ పక్కన ఆమె సమాధి. విసిగి విసిగి వేసారిపోయాననే ఆమె మాట రాతి మీద చెక్కారు. 2012లో పెట్టిన కంచు విగ్రహం చేతిలో మైకు ఉంది. 1969లో 40 ఎకరాలతో ఆమె మొదలుపెట్టిన సహకార వ్యవసాయ క్షేత్రం గురించి బాబాయికి చెప్పాను. పేద కుటుంబానికి ఒక ఆడపంది ఇస్తారు, అది ఈనాక కొన్ని పిల్లలను తిరిగి ఇస్తే అవి మరో కుటుంబానికి వెళ్తాయి. "మన పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు ఈమె కథ చెప్పాలి, తిండి చేతిలో ఉంటేనే ఓటు చేతిలో ఉంటుందని ఎంత బాగా గ్రహించింది!" అన్నారు.

మనకు సంబంధించిన మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. ఓటు హక్కు చట్టం 1965 ఆగస్టులో వచ్చింది. దేశాలవారీ కోటాలు ఎత్తేసిన వలస చట్టం అదే ఏడాది అక్టోబరులో వచ్చింది. జాతి ప్రాతిపదికన మనిషిని ఆపకూడదన్న ఒకే గాలి రెండింటినీ నడిపింది. వలస వ్యవహారాలు చూసే ఉపకమిటీకి కూడా అధిపతి ఈస్ట్‌లాండే. ఆయన ఆ బిల్లుకు వ్యతిరేకి, అయినా దాన్ని నడిపే పని ఎడ్వర్డ్ కెన్నెడీకి వదిలేశారు. ఆ తలుపు తెరుచుకున్నాకే మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడికి గుంపులుగా రాగలిగారు. మనం ఇక్కడ కట్టుకున్న ఇళ్ల పునాదుల్లో రూల్‌విల్ మట్టి ఉంది.

పొద్దువాలే వేళకు సమ్నర్ చేరాం. ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల బాలుణ్ణి చంపినవాళ్లను 1955 సెప్టెంబరులో గంటా ఏడు నిమిషాల్లో నిర్దోషులుగా వదిలేసిన కోర్టు అక్కడుంది. తలుపులు మూసి ఉన్నాయి. నిండు కోర్టులో మోజ్ రైట్ అనే నల్లజాతి రైతు లేచి నిలబడి, పిల్లవాణ్ణి ఎత్తుకుపోయింది వీళ్లేనని తెల్లవాళ్లవైపు చెయ్యి చూపించాడు. ఆ రోజుల్లో ఆ చెయ్యి ఎత్తడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవాల్సిందే.

నాలుగో రోజు, శనివారం: క్లార్క్స్‌డేల్

డెల్టా బ్లూస్ మ్యూజియం పాత రైల్వే సరుకుల షెడ్డులో ఉంది. లోపల ఒక చెక్క గుడిసె కనిపిస్తుంది. స్టొవాల్ తోటలో మడ్డీ వాటర్స్ నివసించిన గుడిసెలో మిగిలిన భాగం. దుంగల మీద గొడ్డలి గాట్లు కనబడుతున్నాయి. 1941 ఆగస్టులో కాంగ్రెస్ గ్రంథాలయం తరఫున అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయం నుంచి జాన్ వర్క్ వచ్చి అతని పాటలు రికార్డు చేశారు. తన గొంతు తానే విన్నాక, నేనూ పాడగలను అనే ధైర్యం వచ్చిందని అతను తర్వాత చెప్పాడు. 1943లో రైలెక్కి షికాగో వెళ్లిపోయాడు. మర్నాటి ఏడాది, ఈ ఊరి పక్కనే హాప్సన్ తోటలో విత్తడం నుంచి బేళ్లు కట్టడం దాకా పూర్తిగా యంత్రాలతో పత్తి పంట తీశారు. బాబాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. యంత్రం వచ్చింది, ఓటు లేదు, కూలి లేదు, లక్షలమంది ఉత్తరాదికి వెళ్లిపోయారు. వాళ్లతో పాటే బ్లూస్ కూడా వెళ్లి షికాగోలో కరెంటు గిటారు పట్టుకుంది.

రాబర్ట్ జాన్సన్ నాలుగు రోడ్ల కూడలిలో దయ్యానికి ఆత్మను అమ్మి విద్య సంపాదించాడన్న కథను ఊరంతా అమ్ముకుంటోంది. నాకది నచ్చదు. 29 పాటలు రికార్డు చేసి 27 ఏళ్లకే చనిపోయిన వాద్యకారుడి సాధనను దయ్యం ఖాతాలో వేయడం అన్యాయం. అలాగే పాలేర్ల గుడిసెలను పర్యాటకుల బసలుగా మార్చిన చోట ఉండటానికి మనసొప్పక మామూలు హోటల్లోనే దిగాం.

ఏరన్ హెన్రీ మందుల దుకాణం ఉన్న స్థలం చూశాం. నల్లజాతి ఫార్మసిస్టు, అట్లాంటిక్ సిటీకి వెళ్లిన బృందానికి నాయకుడు. దుకాణంపై దాడులు జరిగినా ఊరు వదల్లేదు. తర్వాత రాష్ట్ర శాసనసభలో చాలాకాలం కూర్చున్నారు. నాటకకర్త టెనెసీ విలియమ్స్ బాల్యం గడిచింది కూడా ఇదే ఊళ్లో, తాతగారి చర్చి ఇంట్లో.

అయిదో రోజు, ఆదివారం: ఆక్స్‌ఫర్డ్

రోవన్ ఓక్ ఆదివారం మధ్యాహ్నమే తెరుస్తారు. దేవదారు చెట్ల వరస చివర తెల్లటి స్తంభాల ఇల్లు. ఫాక్నర్ 1930లో కొనుక్కుని, 1962లో చనిపోయేదాకా ఉన్నాడు. రాసుకునే గది గోడ మీద ఒక నవల కథాక్రమాన్ని వారం రోజుల పేర్లు పెట్టి స్వయంగా రాసుకున్నాడు. ఆ సున్నపు గోడ మీద ఇప్పటికీ చదవొచ్చు. ఏసీ అంటే ఆయనకు గిట్టదు, అంత్యక్రియలైన మర్నాడే భార్య ఎస్టెల్ తన గదికి ఏసీ పెట్టించుకుంది.

ఫాక్నర్‌ను పెంచిన క్యాలీ బార్ బానిసగా పుట్టిన మనిషి. 1940లో ఆమె చనిపోతే ఆయనే చరమవాక్యాలు పలికాడు, తర్వాత ఒక పుస్తకం అంకితమిచ్చాడు. సమాధి మీద, ఆమె తెల్ల బిడ్డలు ఆమెను దీవిస్తున్నారని చెక్కించాడు. ప్రేమ నిజమే, అనుమానం లేదు. కానీ ఆ రాతి మీద ఆమె కన్నబిడ్డల మాట లేదు. అంత గొప్ప రచయిత చూపుకూ అంచు ఎక్కడుందో ఆ రాయి చెబుతుంది.

ఆయన పోయిన మూడు నెలలకు, సెప్టెంబరు 30 రాత్రి, జేమ్స్ మెరిడిత్ అనే నల్లజాతి విద్యార్థి చేరికను ఆపడానికి ఈ ఊళ్లోని మిసిసిపీ విశ్వవిద్యాలయంలో అల్లర్లు జరిగాయి. ఇద్దరు చనిపోయారు. వేలమంది సైనికులు దిగారు. మర్నాడు ఉదయం మెరిడిత్ నమోదు చేసుకుని, 1963 ఆగస్టులో పట్టాతో బయటికి వచ్చారు. ఆయన విగ్రహం దగ్గర ఇద్దరు కుర్రాళ్లు తెలుగులో మాట్లాడుకుంటూ ఫొటోలు తీసుకుంటున్నారు. "ఎవరంకుల్ ఈయన?" అని అడిగారు. బాబాయి అక్కడే మెట్ల మీద కూర్చుని అరగంట పాఠం చెప్పారు. పిల్లలు శ్రద్ధగా విన్నారు. పక్కనే లైసియం భవనం స్తంభాల మీద తూటా గుర్తులు ఎక్కడున్నాయో వెళ్లి చూశారు కూడా.

ఆరో రోజు, సోమవారం: టుపెలో మీదుగా ఇంటికి

ఎల్విస్ 1935 జనవరి 8న పుట్టిన రెండు గదుల ఇల్లు అయిదు నిమిషాల్లో చూసేయొచ్చు. తండ్రి 180 డాలర్లు అప్పు చేసి కట్టుకున్న ఇల్లది. పేదరికం అతనికి నల్లజాతి పాటను దగ్గర చేసింది, ఆ సంగతి అతనూ దాచుకోలేదు. 1954లో మొదటి రికార్డుకు ఎంచుకున్న పాట మిసిసిపీకే చెందిన ఆర్థర్ క్రుడప్ 1946లో పాడింది. క్రుడప్‌కు మాత్రం బతికినంతకాలం న్యాయమైన రాయల్టీ చేతికందలేదు, పొలం పనులు చేసుకునే బతికాడు. ఎల్విస్ మ్యూజియానికి వెళ్లేవాళ్లు క్రుడప్ పాడిన ఆ రికార్డును కూడా విని రావాలని నా మనవి.

వెళ్లదలచినవారికి నాలుగు మాటలు. ఎవర్స్ ఇంటికి, వెల్టీ ఇంటికి ముందుగా సమయం తీసుకోండి. రోవన్ ఓక్ సోమవారం ఉండదు. డెల్టాలో పెట్రోలు బంకులు దూరదూరంగా ఉంటాయి, శాకాహారులు తిండి వెంట తీసుకెళ్లడం మంచిది. పత్తి కాపు మీద ఉన్న అక్టోబరు అన్నిటికన్నా అనువైన కాలం. ఒక్కరోజే వీలైతే మాత్రం మిగతావన్నీ పక్కనపెట్టి, పిల్లలను వెంటబెట్టుకుని ఇండియనోలా నుంచి రూల్‌విల్ దాకా హేమర్ బస్సు నడిచిన దారిలో వెళ్లండి. బయల్దేరే ముందు ఆమె సాక్ష్యం ఒకసారి పిల్లలకు వినిపించండి. ఎనిమిది నిమిషాలకు మించదు.